మోనిత చేతిలో కాగితం

"ఒక్క డీఎన్ఏ టెస్టు చేయిస్తే తేలిపోయేదానికి ఐదేళ్ళు సాగదీశారు." 'కార్తీక దీపం' పేరెత్తగానే చదువుకున్నవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ఇది. మీమ్‌లు దీనిమీదే, యూట్యూబ్ విమర్శలు దీనిమీదే, పెళ్ళి భోజనాల దగ్గర బాబాయిలు, మామయ్యల నవ్వులు కూడా దీనిమీదే. కథానాయకుడు డాక్టరు, విలన్ కూడా డాక్టరే. అలాంటి కథలో పిల్లల తండ్రి ఎవరన్న సందేహం ఏళ్ళ తరబడి నడవడమేమిటని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. మోనిత లాంటి డాక్టరు లోకంలో ఉండదని, ఆమె చేసిన మోసం ఎక్కడా చెల్లదని, ఇదంతా నమ్మి రోజూ రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్ళకు ఆలోచన లేదని తీర్పు కూడా ఇచ్చేస్తారు.

ఈ తీర్పు మొదటి నుంచి చివరిదాకా తప్పు. మోనిత తెలుగు టీవీలో వచ్చిన విలన్లలో నమ్మశక్యమైన పాత్ర. ఆమెను నమ్మిన ప్రేక్షకులు, ముఖ్యంగా కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ళలోని ఆడవాళ్ళు, తమకు బాగా తెలిసిన ప్రమాదాన్నే ఆమెలో గుర్తుపట్టారు.

స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసిన సీరియల్ ఇది. పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. కాపుగంటి రాజేంద్ర దర్శకుడు. మలయాళంలో ఏషియానెట్ 2014లో మొదలుపెట్టిన 'కరుత్తముత్తు' దీనికి మాతృక. నలుపు రంగు పేరుతో పుట్టింట్లోనే అవమానాలు పడిన దీపగా ప్రేమి విశ్వనాథ్, గుండె డాక్టరు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల నటించారు. దీప పిలిచే "డాక్టర్ బాబూ", బస్తీ ఆమెకు పెట్టిన "వంటలక్క" అన్న పేరు తెలుగునాట ఇంటింటి మాటలయ్యాయి. మోనితగా శోభా శెట్టి నటించారు. మోనిత కార్తీక్‌కు స్నేహితురాలు, ఆడవాళ్ళ డాక్టరు. అతణ్ణి ఎలాగైనా దక్కించుకోవాలనుకుంది. అందుకు ఆమె మొదట పట్టింది కత్తీ కాదు, విషమూ కాదు. కార్తీక్ తండ్రి కాలేడని నమ్మించేలా వైద్య పరీక్షను తారుమారు చేసింది. ఆ తర్వాత దీప కడుపుతో ఉందని తెలిసింది. దీప స్నేహితుడు విహారి మీద అనుమానం అప్పటికే నాటి ఉంది. మిగతా పని కార్తీక్ తానే చేసుకున్నాడు, కడుపుతో ఉన్న భార్యను వదిలేశాడు.

నమ్మలేని విలన్ ఎలా ఉంటాడో చూడాలంటే అమెరికాకు వెళ్ళాలి. ఏబీసీ చానెల్ 1963 నుంచి నడుపుతున్న ఆసుపత్రి సీరియల్ 'జనరల్ హాస్పిటల్'. అందులో 1981లో మిక్కోస్ కాసడీన్ అనే కోటీశ్వరుడు వాతావరణాన్ని మార్చే యంత్రంతో ఊరిని మంచులో గడ్డకట్టించబోయాడు. ఎంతోమంది చూశారు. మోనితకు అంత సరంజామా అక్కర్లేకపోయింది. ఒక కాగితం, దానిమీద కొన్ని ఇంగ్లీషు మాటలు, కింద సంతకం సరిపోయాయి. సూర్యకాంతం నుంచి ఇటు వచ్చిన గయ్యాళులందరికీ నోరే ఆయుధం. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో సవతి కూతురిని కష్టపెట్టాలంటే గుండమ్మ గొంతు లేపాలి, ఆ గొంతు వీధికంతా వినపడుతుంది, వీధి జవాబు కూడా చెబుతుంది. మోనిత గొంతు లేపనక్కర్లేదు. కాగితానికి వీధి ఎదురుచెప్పలేదు.

ఇక వాళ్ళు అడిగే డీఎన్ఏ టెస్టు సంగతి.

మొదట అడగాల్సిన పరీక్ష అసలు డీఎన్ఏది కాదు. మగవాడి వీర్య పరీక్ష ఒక్కసారి చేసి తీర్పు చెప్పడం వైద్యంలో పద్ధతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు మామూలు స్థాయికి కింది హద్దు. ఆ హద్దుకు దిగువన ఉన్నవాళ్ళు కూడా తండ్రులవుతూనే ఉన్నారు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. మధ్యలో గట్టి జ్వరం వస్తే లెక్క పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. అందుకే ఫలితం తేడాగా వస్తే కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ చేస్తారు. కార్తీక్ డాక్టరు. తన రిపోర్టును మరోచోట చూపించుకుందామన్న ఆలోచన అతనికి రాలేదు. భార్యను అనుమానించాలన్న ఆలోచన మాత్రం వెంటనే వచ్చింది. "ఒక్క టెస్టు" అంటూ నవ్వేవాళ్ళ ఆలోచన కూడా అదే దారిలో నడిచింది. వాళ్ళు అడిగిన పరీక్ష కార్తీక్ రిపోర్టుకు కాదు, దీప నడతకు. తప్పు కాగితం సృష్టించినవాళ్ళను, దాన్ని నమ్మినవాడిని వదిలేసి, నిరూపించుకునే బరువును తిరిగి దీప నెత్తినే పెట్టారు. ఇంత చదువూ, ఇంత తర్కమూ చివరికి కార్తీక్ పక్షాన చేరాయి. ఈ వాదన మీద కోపం రావడానికి ఇది చాలు.

దీప టెస్టుకు పరుగెత్తకపోవడం కథ సాగదీయడానికి వేసిన ఎత్తు అనేవాళ్ళు ఆమె వైపు నుంచి ఒక్క క్షణం ఆలోచించలేదు. ప్రేమించి పెళ్ళాడినవాడు తనను పరీక్షించాక నమ్ముతానంటే, ఆ నమ్మకం తనకెందుకని అడిగే హక్కు ఆమెకుంది. సీరియల్‌లోనే దీనికి ఎదురుగా ఇంకో పాత్ర నిలబడింది. కార్తీక్ తల్లి సౌందర్య మొదట్లో దీప నలుపును చూసి అసహ్యించుకున్న మనిషి. ఆ అత్తే తర్వాత కోడలి పక్షం వహించింది, కవల మనవరాళ్ళలో ఒకరిని ఇంటికి తెచ్చి పెంచింది. ఏ ల్యాబూ చెప్పకుండానే ఆమె నమ్మింది. నమ్మడం సాధ్యమేనని కథ తన నడుమనే చూపించింది.

మన చట్టం కూడా దీప వైపే ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్ ప్రకారం, పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే వీలే లేదని నిరూపిస్తే తప్ప ఈ మాట మారదు. కొత్త సాక్ష్య చట్టంలో ఇదే 116వ సెక్షన్ అయింది. అనుమానం ఉందని అడిగినంత మాత్రాన రక్త పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు 1993లోనే గౌతమ్ కుందు కేసులో చెప్పింది. 'కార్తీక దీపం' ముగిసి నెల తిరగకముందే, 2023 ఫిబ్రవరి 20న, అపర్ణా ఫిరోడియా కేసులో మళ్ళీ చెప్పింది. భార్య నడత మీద భర్త చేసిన ఆరోపణను తేల్చడానికి పిల్లవాడి డీఎన్ఏను మామూలు వ్యవహారంలా పరీక్షకు పంపడం కుదరదని, ఆ పిల్లవాడికీ హక్కులున్నాయని ఆ తీర్పు సారాంశం. విమర్శకులు చిటికెలో తేలిపోతుందన్న పరీక్షను దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇన్ని అడ్డంకుల వెనక పెట్టడానికి కారణం ఉంది. అడిగిన ప్రతి మగవాడికీ ఆ పరీక్ష దొరికితే, ఏ పెళ్ళయిన ఆడదీ, ఏ బిడ్డా నిశ్చింతగా ఉండలేరు.

ఆ సెక్షన్‌లోని మినహాయింపు దగ్గర కాస్త ఆగాలి. "కలిసే వీలు లేదని నిరూపిస్తే" అన్న మాట ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ళలో పుస్తకాల్లో ఉండిపోయే మాట కాదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ చుట్టుపక్కల వేలాది ఇళ్ళలో భర్త దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు. రెండేళ్ళకోసారి చుట్టీ మీద వస్తాడు, రెండు నెలలుండి పోతాడు. పాస్‌పోర్టు మీది ముద్రలు అతను ఎప్పుడొచ్చాడో, ఎప్పుడు వెళ్ళాడో పక్కాగా చెబుతాయి. ఇంట్లో భార్య చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపి బీడీలు చుడుతుంది. చేతులు పనిమీద, కళ్ళు టీవీమీద. మోనితను చూసి శాపనార్థాలు పెట్టింది ఈ ఆడవాళ్ళే.

వీళ్ళలో ఒకరి ఇంట్లో ఏం జరగవచ్చో చూడండి. భర్త మే 1న దిగాడు. రెండు మూడు రోజుల్లోనే గర్భం నిలిచింది. జూన్ 12న స్కాన్‌కు వెళ్ళారు. భర్త వచ్చి సరిగ్గా ఆరు వారాలు. రిపోర్టులో మాత్రం గర్భం వయసు ఎనిమిది వారాలకు దగ్గరగా రాసి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. గర్భం వయసును చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది సాధారణంగా ఆ తర్వాత రెండు వారాలకు. ప్రపంచమంతా ఇదే లెక్క. కానీ ఈ సంగతి విడమర్చి చెప్పే తీరిక స్కాన్ గదిలో ఎంతమందికి ఉంటుంది? కాగితం ఇంటికి వస్తుంది. ఆడబిడ్డ చదువుతుంది, అత్త వేళ్ళు మడుస్తుంది, వాట్సాప్ ఫొటో గల్ఫు క్యాంపులో ఉన్న బావ దాకా పోతుంది. రెండు వారాల తేడా. ఏ మోనితా కాగితాన్ని దిద్దనక్కర్లేదు. నిజమైన రిపోర్టే, చదవడం తెలియని చోట, అబద్ధపు రిపోర్టు చేసే పని చేసిపెడుతుంది.

ఇలాంటి భయం తెలిసినవాళ్ళకు దీప కథలో తర్కం లోపించినట్టు అనిపించదు. ఆ రెండు వారాల లెక్క ఎప్పుడూ చెప్పుకోవాల్సిన అవసరం రానివాళ్ళకే ఇదంతా నవ్వులాటగా కనిపిస్తుంది.

పిల్లలు కాని ఇళ్ళ సంగతి ఇంకా కఠినం. సంతానలేమి కేసుల్లో మగవాడి వైపు లోపం ఒంటరిగానో, భార్య లోపంతో కలిసో సుమారు సగం జంటల్లో కనిపిస్తుందని వైద్యులు ఎంతోకాలంగా చెబుతున్నారు. అయినా పరీక్షల కోసం మొదట బయలుదేరేది ఆమె ఒక్కతే. గొడ్రాలన్న మాట ఆమెకే. మొగోనికి పరీక్షేమిటని అడ్డుపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ లెక్కన చూస్తే, మగవాడికి పరీక్ష జరిగిందని, లోపం అతనిలో ఉందని రిపోర్టు వచ్చిందని చూపడమే 'కార్తీక దీపం' చేసిన సాహసం. అది తప్పుడు రిపోర్టే. అయినా ఇంత పెద్ద సీరియల్ ఆ మాటను రాత్రి భోజనాల వేళ ఇళ్ళలోకి తెచ్చింది. దాని ఫలితాన్ని కూడా తప్పించుకోకుండా చూపింది. లోపం మగవాడిదని కాగితం చెప్పినా, శిక్ష పడింది ఆడదానికే.

"సరే, డాక్టరు అంత పని చేస్తుందా?" అన్నది రెండో అభ్యంతరం. డాక్టర్లను అవమానించే పాత్ర అని కూడా అన్నారు. వేలాదిమంది డాక్టర్లు రాత్రింబవళ్ళు నిజాయితీగా పనిచేస్తున్నారన్న మాటలో అబద్ధం లేదు. మోనిత పాత్ర ఆ మాటను కాదనదు. ఆమె చూపించేది వేరు. ఒకరి చేతిలో తెలివిడి అంతా ఉండి, ఎదుటివారికి అడిగే వీలు కూడా లేనప్పుడు ఏమైనా జరగవచ్చని చూపిస్తుంది. కరీంనగర్ ఈ విషయంలో దేశానికంతటికీ ఉదాహరణ. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. తెలంగాణలో 60.7 శాతం, రాష్ట్రాలన్నిటిలో ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో 82.4 శాతం. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల లెక్క 81.5, ప్రభుత్వ ఆసుపత్రులది 44.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో తగినదన్న హద్దు పది నుంచి పదిహేను శాతం. ఒకప్పటి ఆదిలాబాద్‌లో భాగమై, అడవుల మధ్య ఉన్న కుమురం భీం జిల్లాలో ఈ శాతం బాగా తక్కువ. అక్కడ ఆపద వచ్చినప్పుడు వాగు దాటి ఆసుపత్రి చేరడమే కష్టం. ఒకప్పటి రెండు పొరుగు జిల్లాల్లో ఒకచోట కోత అవసరానికి మించి ఉంది, మరోచోట అవసరమైనా అందడం గగనం.

ఈ అంకెలకు ఒక్క కారణమే లేదు. ముహూర్తం పెట్టించుకుని వచ్చే కుటుంబాలున్నాయి, నొప్పులకు భయపడే తల్లులున్నారు, మొదటిది కోతయితే రెండోదీ కోతే అన్న అలవాటుంది, ఊరి ఆర్‌ఎంపీ చెయ్యిపట్టి తీసుకొచ్చిన ఆసుపత్రి దాటి మరోచోటికి పోలేని పరిస్థితి ఉంది. అయినా ఆపరేషన్ గది తలుపు ముందు భర్తకో, తల్లికో చెప్పే మాటలు అన్ని ఊళ్ళలోనూ ఒకటే. ఉమ్మనీరు తగ్గింది. మెడకు పేగు చుట్టుకుంది. ఇంకా ఆగితే మా పూచీ లేదు. ఆ మాటల్లో ఏది నిజమో, ఏది కాదో ఆ నిమిషంలో తేల్చుకోగల మనిషి ఆ వరండాలో ఉండరు. సంతకం పెడతారు. పదింట ఎనిమిది కాన్పులు కోతతో జరిగిన జిల్లాలో, కాగితం పట్టుకున్న డాక్టరు విలన్ కావడం ఊహకు అందని విషయమని ఎవరైనా ఎలా అనగలరు?

2021లో కథ ఇంకో మలుపు తిరిగింది. కార్తీక్ అనుమతి లేకుండా అతని నమూనాతో కృత్రిమ పద్ధతిలో గర్భం తెచ్చుకుని, బిడ్డ అతనిదేనని మోనిత నిలబడింది. విమర్శకులు మరింత గట్టిగా నవ్విన ఘట్టం అది. ఆ ఎపిసోడ్లు వచ్చిన రోజుల్లో మన దేశంలో సంతాన సాఫల్య కేంద్రాలను కట్టడి చేసే చట్టమే లేదు. వైద్య పరిశోధనా మండలి 2005లో ఇచ్చిన మార్గదర్శకాలున్నా వాటికి చట్టబలం లేదు. పార్లమెంటు ఆ బిల్లును 2021 డిసెంబరులో ఆమోదించింది, 2022 జనవరి 25న చట్టం అమల్లోకి వచ్చింది. సంబంధించిన వాళ్ళందరి రాతపూర్వక సమ్మతి లేకుండా ఈ చికిత్స చేయడం కుదరదన్నది అప్పటి నుంచే చట్టమైంది. అంటే సీరియల్ రచయితలు పట్టుకున్నది చట్టంలో నిజంగానే ఉన్న ఖాళీని.

చట్టం వచ్చాక కూడా ఏం జరిగింది? 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం కేసు బయటపడింది. పోలీసులు చెప్పినదాని ప్రకారం, అద్దెగర్భం ద్వారా మీ బిడ్డే పుట్టిందని నమ్మించి ఒక జంట దగ్గర సుమారు 35 లక్షల రూపాయలు తీసుకున్నారు. బిడ్డ వాళ్ళది కాదు, అస్సాంకు చెందిన ఒక పేద జంట నుంచి కొన్నది. కేంద్రం నడిపిన డాక్టరును అరెస్టు చేశారు. నేరం ఎవరిదో, ఎంతో తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ మోసం బయటపడింది డీఎన్ఏ పరీక్షతోనే. అనుమానం వచ్చిన దంపతులు దాన్ని ఆసుపత్రి మీదికి ఎక్కుపెట్టారు, ఒకరి మీద ఒకరు కాదు. మీమ్‌లు తయారుచేసినవాళ్ళలో ఒక్కరికైనా ఈ దిశ తట్టి ఉంటే బాగుండేది.

మోనితను సమర్థించడమంటే 'కార్తీక దీపం' మొత్తాన్ని వెనకేసుకురావడం కాదు. సీరియల్‌లో పెద్ద లోపాలే ఉన్నాయి, నవ్వేవాళ్ళు వాటిని వదిలి తప్పుడు చోట వేలు పెట్టారు. నలుపు మీద వివక్షను ప్రశ్నించే కథలో నల్లగా లేని నటికి నల్లని మేకప్ వేయడం మొదటి లోపం. కార్తీక్ చేసిన అన్యాయాన్ని మోనిత ఖాతాలో వేసేయడం అంతకంటే పెద్దది. ఆమె మోసం ఎంత పెద్దదిగా కనిపిస్తే అతని అనుమానం అంత చిన్నదవుతుంది. చివరికి అతను కూడా బాధితుడే అన్నంతగా కథ నడిచింది. మోసపోయిన ప్రతివాడూ కడుపుతో ఉన్న భార్యను వదులుకోడు. అది అతను తీసుకున్న నిర్ణయం.

మూడోది మోనిత పాత్రకే జరిగిన నష్టం. పోనుపోను ఆమె చేతిలో కాగితం పోయి తుపాకులు, కిడ్నాపులు, దొంగ చావులు, జైళ్ళు వచ్చి చేరాయి. తెల్లకోటు విప్పేశాక ఆమె అందరు విలన్లలో ఒకరైంది. శోభా శెట్టి కళ్ళు చిన్నవి చేసి, పెదవి కొసన నవ్వుతూ, చాలా మామూలు గొంతుతో ఒక పేషెంటుకు ధైర్యం చెబుతున్నట్టు కార్తీక్‌కు అబద్ధం చెప్పిన తొలి రోజుల్లోనే ఆ పాత్ర ఒళ్ళు జలదరింపజేసింది. అరుపుల దృశ్యాల్లో ఆ భయం లేదు. తమిళ రూపం 'భారతి కన్నమ్మ'లో ఫరీనా ఆజాద్ వేసిన వెన్బా పాత్రనూ ఇదే డీఎన్ఏ జోకు వెంటాడింది. ఒకే కాగితం రెండు భాషల్లో పనిచేసిందంటే, దాన్ని పనిచేయించిన అనుమానం రెండుచోట్లా సిద్ధంగా ఉందన్నమాట.

2024 మార్చి 25న 'కార్తీక దీపం: ఇది నవ వసంతం' మొదలైంది. అదే జంట, కొత్త కథ, కొత్త విలన్ జ్యోత్స్న. ఈసారి కథకు ఇరుసు ఆసుపత్రి కాదు. ఆసుపత్రిని వదిలేయడం నష్టం. ఇంటి గొడవల విలన్లు తెలుగు టీవీకి కొరత లేదు, రిపోర్టు విలన్ ఒక్కతే. ఇంకెవరైనా తెల్లకోటు విలన్‌ను రాయాలనుకుంటే హత్యలతో పనిలేదు. జగిత్యాల దగ్గరి ఒక ఇల్లు, చుట్టీ ముగించుకుని వెళ్ళిపోయిన భర్త, బీడీల చాట పక్కన ఒక స్కాన్ రిపోర్టు, అందులో రెండు వారాల తేడా, దాని కారణం తెలిసి కూడా నోరు విప్పని ఒక డాక్టరు. ఇంతతో మొదలుపెట్టవచ్చు.